పెన్నేటి పాటయు ధాతకరవు దస్త్రములును

అనంతపురము మిట్టనేలలలోని బెళుగుప్ప ప్రాంతమునకుఁ గరవు క్రొత్త చుట్టము కాదు. అయినను ఆ కరవులయందు సామాన్యజనులు బ్రదికిన విధము తెలియఁగోరువానికి ఆధారములు మితములు. ఉన్నవానిలో దొరతనమువారి దస్త్రము లొకవంకను, విద్వాన్ విశ్వము రచించిన 'పెన్నేటి పాట' యొకవంకను నిలుచుచున్నవి. వీనిలో నేది యెంతవఱకు సామాన్యునకు సాక్షి యనునది విచార్యము.

1800 సంవత్సరమున నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. 1807 వఱకుఁ బ్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో చేనుచేనును కొలిపించి శిస్తు నిర్ణయించెను. అప్పటినుండి చేను లెక్కకెక్కినది. చేనివాని పొయ్యి యెక్కలేదు.

1876-78 నాఁటి ధాతకరవు కాలమున అనంతపురము బళ్లారి జిల్లాలోనిదే. అప్పుడు సర్ రిచర్డు టెంపిలు కరవుపనుల కూలిని రోజునకు పౌను ధాన్యమునకును స్వల్పద్రవ్యమునకును దించెను. అది చాలదని మదరాసు ఆరోగ్యాధికారి కార్నిషు వాదించెను. 1877లోనే కూలి పెంపఁబడెను. ఆ వాదము జనులకు మేలు చేసినదనుట నిస్సంశయము. కాని దానియందలి మనుష్యుఁడు 'కూలి' యను నొక్క పేరివాఁడు. గొఱ్ఱెలను దోలుకొని పచ్చిక వెదకఁబోవు కురుబయు, మగ్గమున్నను కొనువారు లేని సాలెయు, ఎద్దుల నమ్ముకొని వాన కురిసినను దున్నలేని రైతును, చేను లేనందున మొట్టమొదట పస్తుండు పాలేరును ఆ పేరులోఁ గలసిపోయిరి. ఆఁకలి యొక్కటియే, బ్రదుకుతెరువులు వేఱు.

1915లో అనంతపురము జిల్లా తరిమెలలో జన్మించిన విశ్వము 1950ల దశకమున ఈ కావ్యమును వెలువరించెను. పెన్న యెండిన సీమను వర్ణించి యూరకుండక, రంగఁడు, గంగమ్మ యను పేదదంపతుల సంసారమును ఆయన ముందు నిలిపెను. తూచి యిచ్చిన పౌను ఇంటిలో నెవరు తినిరో, యెవరు మానిరో దస్త్రము చెప్పదు. కావ్యము గడపదాఁటి లోపలికిఁ బోవును. ఇదియే దాని ఘనత.

లోపమును ఇచ్చటనే కలదు. ఒక్క సంసారము సీమకంతకుఁ బ్రతినిధియగుటచే వృత్తిభేదము మఱుఁగుపడినది. మఱియు ఈ కావ్యము ధాతకరవునకు ముప్పాతిక శతాబ్ది తరువాతిది. దానిని నాఁటి సాక్ష్యముగాఁ జదువుట పొరపాటు. దస్త్రము జనులను లెక్కించినది, కావ్యము దుఃఖమును జూపినది. ఎవ్వరు ఏ తెరువునఁ బ్రాణము నిలుపుకొనిరో రెండును పూర్తిగాఁ జెప్పవు.

ఈ కొఱఁత తీర్పఁగలవి ఆయా వృత్తులవారి యిండ్లలోని కథలును, సామెతలును, పల్లెపాటలును. వానిని జేర్చి చదువనిదే విమర్శ పూర్తికాదు. దస్త్రము కొట్టులో నిలుచును. వృద్ధుని జ్ఞాపకము వానితోడనే పోవును.