పింగాణి బలం: పదార్థగుణాలు, తెలుగు పరిభాష

కీలకపదాలు: పింగాణి, బలం, గట్టిదనం, పెళుసుదనం, పరిభాష, గూడూరు

1. ఉపోద్ఘాతం

టీ కప్పుకూ, విద్యుత్ స్తంభం మీద తీగను మోసే ఇన్సులేటరుకూ తెలుగులో పింగాణి అన్న పేరు ఒక్కటే. గుణాలు మాత్రం వేరు. ఆ తేడా చెప్పవలసినచోట మన శాస్త్రరచన తరచుగా ‘దృఢమైనది’ అన్న విశేషణంతో సరిపెడుతుంది. ఈ అస్పష్టతకు కారణం పదాలు లేకపోవడం కాదు, ఉన్న పదాలకు హద్దులు గీయకపోవడమేనని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పదార్థ స్వభావం

తెల్లబంకమన్ను, ఫెల్‌స్పార్, పలుగురాయి సంప్రదాయ పింగాణికి మూలద్రవ్యాలు. చివరి రెండూ పూర్వపు నెల్లూరు జిల్లా గూడూరు గనుల్లో అభ్రకంతోపాటు లభిస్తాయి. సిరామిక్ సాంకేతికతలో డిప్లొమా బోధించే ప్రభుత్వ సంస్థ కూడా గూడూరులోనే ఉంది. కనుక కోవూరు, నెల్లూరు పరిసరాల విద్యార్థికి ఈ పరిభాష పరాయిది కాదు.

కాల్పులో ఫెల్‌స్పార్ కరిగి గాజుగా మారుతుంది. బంకమన్ను నుంచి ముల్లైట్ స్ఫటికాలు ఏర్పడతాయి. కరగక మిగిలిన పలుగురాయి రేణువులు చల్లారేటప్పుడు 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర హఠాత్తుగా కుంచించుకుపోయి, చుట్టూ సన్నని పగుళ్లకు కారణమవుతాయి. అందువల్ల అధికబల పింగాణిలో పలుగురాయి స్థానంలో అల్యూమినా వాడతారు. ఐఈసీ 60672 ప్రమాణం ప్రకారం గ్లేజు లేని సాధారణ పలుగురాతి పింగాణికి ఉండవలసిన కనీస వంపుబలం 50 మెగాపాస్కల్‌లు. అధికబల అల్యూమినా పింగాణికి 140.

3. పదాల హద్దులు

బలం దాదాపు మూడింతలైనా పెళుసుదనం పోలేదు. గీటుకు లొంగకపోవడం గట్టిదనం; విరిగేలోగా భరించగల ఒత్తిడి బలం; ముందుగా వంగి హెచ్చరించక ఒక్కసారిగా విరగడం పెళుసుదనం. ఈ మూడూ ఒకే వస్తువులో ఉండగలవు. ‘దృఢం’ అనే మాట వీటిని కలిపేసి, ‘బలమైనది కనుక పగలదు’ అన్న తప్పుడు నిర్ణయానికి దారితీస్తుంది. స్తంభం మీద పనిచేసేవారికి ఆ పొరపాటు ప్రాణాంతకం కావచ్చు.

బలంలోనూ భేదాలున్నాయి. లాగితే పగులు నోరు తెరుస్తుంది, నొక్కితే మూసుకుంటుంది. అందుకే పింగాణి నొక్కుడును లాగుడుకన్నా ఎన్నో రెట్లు భరిస్తుంది. లోపలి పింగాణికన్నా తక్కువగా కుంచించుకుపోయే గ్లేజు ఉపరితలాన్ని నొక్కిపట్టి, పైన చెప్పిన 140ని 160కి పెంచుతుంది. సముద్రపు ఉప్పు, మంచు కలిసి విద్యుత్తుకు దారి చేసే ఈ తీరంలో, నునుపైన గ్లేజు వానకు సులువుగా కడుక్కుపోతుంది. దానిని ‘మెరుపు పూత’ అనడం అందాన్ని చెప్పి, రెండు పనులను దాచడమే.

4. ప్రత్యామ్నాయం

‘స్ట్రెంగ్త్’, ‘హార్డ్‌నెస్’ అని రాస్తే చాలదా అన్న ఆక్షేపణ సహజం. అరువుపదం పేరు ఇస్తుంది, హద్దును ఇవ్వదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయపదాలతో మొదలైన మాండలిక వృత్తిపదకోశం, వృత్తికారుల భాషలో ఎంత సూక్ష్మత ఉందో నిరూపించింది. కుండను తట్టి, మోత విని పగులును పసిగట్టే జనవ్యవహారమూ అటువంటి జ్ఞానమే.

5. ముగింపు

గట్టిదనం, బలం, పెళుసుదనం అనే మూడింటికీ నిర్వచనాలు స్థిరపరచి పాఠ్యపుస్తకాలలో పాటించాలి. కొత్త పదాల సృష్టి అటుతరువాతి పని.