నేలను వదలని వెనక చక్రం

పోయిన ఆదివారం అనంతగిరి అడవిలో ఒక కుర్రాడు కొత్త ఫుల్ సస్పెన్షన్ సైకిల్‌ను చెట్టుకు ఆనించి, నడుం పట్టుకుని కూర్చున్నాడు. "అన్నా, ఇన్ని పైసలు పెట్టి కొన్నా, వెనక షాక్ కదలనే కదలట్లేదు" అన్నాడు. సీటు మీద చేత్తో అదిమి చూశాను. రాయిలా ఉంది. మనిషి బరువెంతో కూడా అడక్కుండా దుకాణంలో గాలి దట్టించి అప్పగించారట. ఒళ్లు మండింది.

బ్యాగు భుజాన వేసుకునే ఎక్కి కూర్చోమన్నాను. షాక్ కడ్డీ మీదున్న నల్ల రబ్బరు రింగును సీల్‌కు ఆనేదాకా జరిపి, ఊపు లేకుండా దిగమన్నాను. 50 మిల్లీమీటర్ల స్ట్రోక్‌లో రింగు 5 దగ్గరే ఆగింది. అలాంటి సైకిల్‌కు 15 దాకా రావాలి. ఊరికే కూర్చుంటేనే షాక్ ఇంచుమించు 30 శాతం కుంగాలన్నమాట. దీన్ని శాగ్ అంటారు. గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి దిగి నేలను అందుకునేది ఈ కుంగిన మేరలోనే. అది లేకపోతే చక్రం గుంత మీదుగా గాల్లో పోతుంది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాటలు రెండూ కంఠతా వచ్చే ఉంటాయి. టైర్లలో గాలి తగ్గించండి, ట్రైల్ నేర్చుకునేవాళ్లు హార్డ్‌టెయిల్‌తోనే మొదలుపెట్టండి. వెనక షాక్ లేని సైకిలే రాయి ఎక్కడుందో, వేరు ఎక్కడుందో చూడటం నేర్పుతుందని నా వాదన.

హార్డ్‌టెయిలా, ఫుల్ సస్పెన్షనా అన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు 2012 లండన్ ఒలింపిక్స్ గుర్తొస్తాయి. హ్యాడ్లీ ఫామ్ కోర్సులో స్విట్జర్లాండ్ నీనో షుర్టర్ హార్డ్‌టెయిల్ మీద, చెక్ రిపబ్లిక్ యారోస్లావ్ కుల్హావీ ఫుల్ సస్పెన్షన్ మీద. వెనక షాక్ బరువనీ, ఎక్కుడులో తొక్కే బలాన్ని మింగేస్తుందనీ క్రాస్ కంట్రీ రేసర్లలో చాలామంది దాన్ని దూరం పెట్టిన కాలమది. కుల్హావీ ఒకే ఒక్క సెకను తేడాతో గెలిచాడు. ఆ సెకనునంతా షాక్ ఖాతాలో వేయలేం, చక్రాల సైజులూ వేరే. కానీ 2016లో రియోలో షుర్టర్ స్వర్ణం గెలిచింది ఫుల్ సస్పెన్షన్ మీదే. అంతటివాడు సైకిల్ రకాన్నే మార్చుకున్నాడంటే నా దృష్టిలో అది పెద్ద సాక్ష్యం.

షాక్‌లో గాలి తగ్గించాక కుర్రాడి వెనకే నేనూ ఎక్కుడు అందుకున్నాను. అడ్డంగా చెట్ల వేళ్లు, వాటి మధ్య వదులు ఎర్రమట్టి. హార్డ్‌టెయిల్ అయితే వెనక టైరు ఒక్కో వేరుకూ ఎగిరి, పట్టు జారి, ఊరికే తిరుగుతుంది. ఇక్కడ వేరు తగలగానే చక్రం పైకి ముడుచుకుంది, దాటగానే మట్టిని పట్టుకుంది. అతను సీటు మీంచి లేవకుండానే తొక్కాడు.

దిగేటప్పుడు మాత్రం పేచీ వచ్చింది. రీబౌండ్, అంటే కుంగిన షాక్ తిరిగి పైకి లేవడం, మరీ వేగంగా ఉండి, రాయి దాటిన ప్రతిసారీ సీటు అతణ్ని ముందుకు ఎగదోసింది. ఎర్ర నాబ్‌ను నెమ్మది వైపు రెండు క్లిక్కులు తిప్పాం. మరీ నెమ్మదిగా పెట్టినా చేటే. వరసగా రాళ్లొస్తే షాక్ తేరుకోకముందే మళ్లీ కుంగుతుంది, చివరికి బిగుసుకుంటుంది. శాగ్ వల్ల పెడల్ కూడా కిందికి దిగుతుంది కాబట్టి రాళ్ల మధ్య ఎప్పుడు తొక్కాలో, ఎప్పుడు ఆపాలో చూసుకోవాలి.

రెండోసారి దిగేటప్పుడు గమనించాను. అతని చూపు ముందు చక్రం దగ్గర లేదు, వచ్చే మలుపు మీద ఉంది. వెనక చక్రం ఎగరకపోయేసరికి దారి చూసుకునే తీరిక దొరికింది. హార్డ్‌టెయిల్ నేర్పుతుందని నేను చెబుతూ వచ్చింది ఈ చూపే. అందుకని 'హార్డ్‌టెయిల్‌తోనే' అన్న నియమాన్ని ఇవాళ్టితో ఎత్తేస్తున్నాను. స్తోమత ఉన్నవాళ్లు నేరుగా ఫుల్ సస్పెన్షన్‌తోనే నేర్చుకోవచ్చు. కాకపోతే సైకిల్‌తోపాటు షాక్ పంపు కూడా కొనండి. తొక్కే బట్టల్లో, బ్యాగుతో సహా మిమ్మల్ని కూర్చోబెట్టి శాగ్ సరిచూశాకే సైకిల్ ఇవ్వమని దుకాణంలో గట్టిగా అడగండి.