లక్ష్మణుడి పగళ్లు

"తొమ్మిదింటికల్లా పక్కెక్కండి, నిద్ర దానంతటదే వస్తుంది." ఈ వారం వాట్సాప్‌లో వచ్చిన హితబోధ ఇది. పంపినాయన తలగడకు తల ఆనగానే గుర్రుపెట్టే అదృష్టవంతుడు. నిద్ర పట్టేవాళ్లు పట్టనివాళ్లకిచ్చే సలహాలంటే నాకెంత మంటో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

అందరూ రాత్రి సంగతే అడుగుతారు. పగలెలా గడిచిందని ఒక్కరూ అడగరు. మా అమ్మమ్మ 'ఊర్మిళాదేవి నిద్ర' పాడేది. పద్నాలుగేళ్లూ ఇక్కడ ఊర్మిళ నిద్రపోతే అడవిలో లక్ష్మణుడు మేలుకున్నాడు. తిరిగొచ్చిన మొగుణ్ణి ఆవిడ పోల్చుకోలేక, పరాయివాడెవడో గదిలో జొరబడ్డాడని దులిపేస్తుంది. ఆ చోటికి రాగానే ఆడవాళ్లు ముసిముసిగా నవ్వుకునేవారు. నా ధ్యాసంతా లక్ష్మణుడి పగళ్ల మీద. అన్ని రాత్రులు మేలుకున్న మనిషి చేతికి శూర్పణఖ దొరికితే ఏమవుతుంది మరి! (అయోధ్య దాటకముందే ఆయన విల్లెత్తబోయాడుగా అంటారా? నా వాదం అక్కడే వీగిపోతుంది.)

మన పగళ్లు అంత పౌరాణికం కావు. చదివిన పేరానే మళ్లీ చదవడం, పాలు పొంగించడం, పిల్లల్ని ఊరికే కసురుకోవడం, బండి మీద కునుకు. వారానికి కనీసం మూడు రాత్రులు, మూడు నెలలపాటు ఇలాగే సాగితే డాక్టర్లు దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. ఏళ్లు గడిస్తే బీపీ, షుగర్, డిప్రెషన్ ముప్పు పెరుగుతుంది. డిప్రెషన్ నిద్రను చెడగొడుతుంది, నిద్రలేమి డిప్రెషన్‌ను పెంచుతుంది.

మరి పెందలాడే పడుకుంటే మంచిదేగా? అక్కడే తిరకాసు. పక్క మీద మెలకువగా దొర్లేకొద్దీ మేలుకోవడమే ఒంటికి అలవాటవుతుంది. 1987లో నిద్ర పరిశోధకుడు ఆర్థర్ స్పీల్‌మన్ బృందం ప్రచురించిన పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. నిద్ర ఐదున్నర గంటలే పడుతుంటే పక్క మీద ఉండేదీ ఐదున్నర గంటలే. పన్నెండున్నర దాకా కూర్చోవాలి, ఆరింటికి లేవాలి, పగలు కునుకు తీయకూడదు. నిద్ర కుదురుకున్నాక కొద్దికొద్దిగా పెంచుకోవాలి. ఇలాంటి పద్ధతులు కలిసిన సీబీటీ-ఐ (నిద్రలేమికిచ్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) చికిత్సనే మాత్రలకన్నా ముందు వాడాలని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ చెప్పింది.

చిక్కేమిటంటే, మొదటి వారాల్లో పగటి మత్తు ఇంకా పెరుగుతుంది. పగళ్ల తరఫున ఇంత వకాల్తా పుచ్చుకున్న నాకు అది మింగుడుపడలేదు. అయినా డాక్టరుగారు మొదలుపెట్టమంటే ఒప్పుకున్నాను. మూర్ఛ, బైపోలార్ ఉన్నవాళ్లు సొంతంగా మొదలుపెట్టకూడదట. నన్ను మాత్రం బండి ముట్టొద్దన్నారు డాక్టరుగారు. ప్రస్తుతానికి ఆఫీసుకి ఆటోలోనే.