ప్లేటు కొలతలో సంగీతము

కచేరీలో కాలము విద్వాంసునకు లోబడియుండును; గ్రామఫోను ప్లేటుపై విద్వాంసుడే కాలమునకు లోబడవలెను. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పది అంగుళముల లక్క ప్లేటు ఒక్కొక్క ప్రక్కన ఇంచుమించు మూడు నిమిషముల గానమునే యిముడ్చుకొనెడిది; 1948లో కొలంబియా వారు 33⅓ చుట్ల లాంగ్ ప్లే రికార్డును తెచ్చిన పిదప ఆ గడువు ఇరువది నిమిషములు దాటినను, ముల్లునెత్తి ప్రక్క తిప్పవలసిన పని మాత్రము తప్పలేదు. ఈ గడువును శ్రోతకు తోపనీయక, దానినే రచనాంగముగా మలచుకొనుటలోనే ఉత్తమ ఆల్బముల శిల్పమంతయు నున్నదని నా అభిప్రాయము.

మన పౌరాణిక నాటకరంగమున పద్యము చివరి అక్షరమును పట్టుకొని, ‘వన్స్‌మోరు’ కేక వినబడువరకు రాగము సాగదీయుట పరిపాటి. కవి కరుణశ్రీ పద్యఖండిక ‘పుష్పవిలాపము’ను ప్లేటుపై పాడిన ఘంటసాలకు అట్టి తీరిక లేదు, లేకపోవుటయే మేలయ్యెను. ఆయన సమాసమును అర్థము చెడకుండ విరచి, భావమెంత కోరునో అంతే రాగమిచ్చి, తరువాతి పాదమునకు సాగిపోవును.

అమెరికా జాజ్ సంప్రదాయమున మైల్స్ డేవిస్ 1959లో న్యూయార్కున రికార్డు చేసిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’ నాకు వేరొక ద్వారము తెరచినది. త్వరత్వరగా మారు స్వరసమూహముల వెంట పరుగిడుట నాటి జాజ్ వాద్యకారులకు అలవాటు. డేవిస్ దానిని విడిచి, ఒకే స్వరశ్రేణిపై నిలిచి మనోధర్మమును చూపుడని తన బృందమును కోరెను. మొదటి ఖండమైన ‘సో వాట్’లోని శ్రేణి, గమకములను మినహాయించిన మన ఖరహరప్రియయే. త్యాగరాజ కీర్తనలతో పెరిగిన చెవికి ఇది పరిచితమైన వీథి. అయితే 16 మాత్రాఖండములు గడచినంతనే ఆధారషడ్జమే అరస్వరము పైకి జరిగి, ఎనిమిది ఖండములు అచట నిలిచి, మరల దిగివచ్చును. తంబురాను నమ్మిన మనకు ఇది నేల కదలుట వంటిది. మొదట చెవి ఉలికిపడును. పిదప ఆ ఉలికిపాటుకై ఎదురుచూచును. డేవిస్ బూర నాలుగు స్వరములు పలికి మౌనము వహింపగా, జాన్ కోల్‌ట్రేన్ శాక్సఫోను ఆ మౌనమును ఓర్వలేనిదానివలె వెల్లువయై వచ్చును. నాకు డేవిస్ పొదుపే ప్రియతరము.

హిందుస్తానీ సంగీతమున 1967 నాటి ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ ఆల్బములో కాశ్మీర గొఱ్ఱెలకాపరి దినచర్య అను కథ కేవలము అలంకారమాత్రము, అది లేకున్నను నష్టము లేదు. ప్రభాతపు ఆహిర్ భైరవ్ మొదలు రాగములు దినక్రమమున నడచుచుండగా, మీండు (జారు) పలుకలేని సంతూరు తీగలపై శివకుమార్ శర్మ కలములనెడి కొయ్యపుల్లలను జార్చియు, వడివడిగా తాటించియు నాదమునకు అవిచ్ఛిన్నతను కల్పించిన నేర్పు, హరిప్రసాద్ చౌరసియా వేణువు ప్రక్కన మరింత స్పష్టమగును.

ఇక పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్. బాఖ్ రచించిన ‘గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్’లో, మన నెరవులో సాహిత్యము నిలిచి సంగతులు మారినట్లు, మంద్రస్వరపంక్తి నిలిచి దానిపై ముప్పది రూపాంతరములు వెలయును. 1955లో గూల్డ్ ఆవృత్తులను విడిచి, పియానోపై దానినంతయు 38 నిమిషములలో ముగించెను. 1981లో మరల వాయించినపుడు 51 నిమిషములు పట్టినది. రెంటను ఆయన కూనిరాగము వాద్యము చాటున వినవచ్చుచునే యుండును. కొందరికది చికాకు, నాకు కాదు. రెండవ రికార్డును పరిణతికి నిదర్శనముగా పొగడువారు పలువురు. నా మ్రొగ్గు మాత్రము యౌవనదర్పముతో ఉరుకు మొదటిదాని వైపే. ఆ ఉరుకునందును, విషాదభరితమైన 25వ రూపాంతరమున గూల్డ్ ఏ తొందరయు చూపలేదు. మొత్తముమీద మందగించిన 1981 వాదనములో ఆ భాగము మునుపటికంటె త్వరగా ముగియుట విశేషము.