కలిపిన రికార్డులు – కనిపించని నివాసులు: అశోక్‌నగర్ పరిసరాల దృష్టితో ‘సమగ్ర వేదిక’ పరిశీలన

1. ప్రవేశిక

వేర్వేరు ప్రభుత్వ శాఖలు తమ అవసరాలకు నమోదు చేసుకున్న రికార్డులను వ్యక్తుల వారీగా కలిపి జనాభా, సామాజిక పరిశోధనలకు వినియోగించే పద్ధతి విస్తరిస్తోంది. తెలంగాణలో ఇటువంటి అనుసంధానానికి ప్రధాన ఉదాహరణ ‘సమగ్ర వేదిక’. ఇది పలు శాఖల సమాచారాన్ని పేరు, చిరునామాల పోలికతో కలుపుతుంది. పరిశోధకుడు ఈ పేరులోని ‘సమగ్ర’ అనే విశేషణాన్ని ఎంతవరకు అంగీకరించవచ్చో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నివాసం – నమోదు

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు, నారాయణగూడ వరకు విస్తరించిన హాస్టళ్లు పోటీపరీక్షల అభ్యర్థులకు ఏళ్ల తరబడి ఆశ్రయాలు. అయితే అభ్యర్థి పేరు సాధారణంగా సొంతూరిలోని తల్లిదండ్రుల ఆహార భద్రత కార్డులో ఉంటుంది. ఓటు కూడా తరచు అక్కడే. హాస్టల్ ఆస్తిపన్ను, కరెంటు మీటరు భవన యజమాని పేరిట ఉంటాయి. ఈ రికార్డులన్నిటినీ ఏ పొరపాటూ లేకుండా కలిపినా ఒక గదిలో ఎందరున్నారో తెలియదు. ఈ లోపం రికార్డు పుట్టుకలోనే ఉంది. అనుసంధానం దాన్ని సరిదిద్దలేదు.

2014 ఆగస్టు 19న ఒక్కరోజులో జరిగిన సమగ్ర కుటుంబ సర్వేకు పేరు నమోదు చేయించుకోవడానికి నగరం నుంచి ఎందరో సొంతూళ్లకు తరలివెళ్లారు. కొలవవలసిన జనాన్ని ఆ లెక్కే కదిలించింది. డెన్మార్క్ 1981లో జనగణనను పూర్తిగా రిజిస్టర్ల ఆధారంగానే జరపగలిగింది. 1968లో ప్రారంభమైన వ్యక్తి సంఖ్య, నివాసం మారితే తప్పక తెలియజేయాలనే నియమం అందుకు పునాది. అశోక్‌నగర్‌లో హాస్టల్ మారిన అభ్యర్థి ఏ కార్యాలయానికీ ఆ మాట చెప్పడు.

3. పేరు – పోలిక

తెలుగువారి ఇంటిపేరు ఒక రికార్డులో పూర్తిగా, మరొకదానిలో పొడి అక్షరంగా కనిపిస్తుంది. ‘లక్ష్మి’ని ఇంగ్లీషులో ఒకటికి మించిన విధాలుగా రాస్తారు. సయ్యద్, మహమ్మద్ వంటి నామభాగాలు అనేకమందికి సమానం. పేరుపోలిక వల్ల ఒక రిక్షా కార్మికుణ్ని కారు యజమానిగా గుర్తించడంతో ఆ కుటుంబం రేషన్‌కు దూరమైన వైనం 2024లో ఒక పత్రికా పరిశోధన ద్వారా వెలుగుచూసింది. రాష్ట్రంలో రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో పునఃపరిశీలించాలని 2022లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. తప్పు పోలిక పరిశోధకుడి పట్టికలో దోషశాతం. రేషన్ దుకాణం వద్ద అదే ఒక ఇంటి బియ్యం. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 పరిశోధనకు మినహాయింపునిస్తూ, ఆ సమాచారంతో నిర్దిష్ట వ్యక్తిపై నిర్ణయం తీసుకోరాదని షరతు విధించడంలోని ఔచిత్యం ఇక్కడ స్పష్టమవుతుంది.

4. ముగింపు

అనుసంధానిత రికార్డులు నిరుపయోగమని దీని భావం కాదు. పథకాల వ్యాప్తిని, కాలక్రమంలో వచ్చే మార్పులను తక్కువ వ్యయంతో చూపడంలో వాటికి సాటి లేదు. అయితే అవి చూపేది ప్రభుత్వానికి ఎదురైన జనాన్ని. పేటలో నివసిస్తున్న జనమంతా అందులో ఉండరు. కనుక కలవని రికార్డులెన్నో, అవి ఏ వర్గాలవో పరిశోధకులు ప్రకటించాలి. హాస్టళ్లు, అద్దె గదులున్న పేటల్లో కొన్ని వీధులనైనా స్వయంగా లెక్కించి సరిచూడాలి. అంతవరకు ‘సమగ్ర’ అనేది నిరూపించవలసిన ప్రతిపాదనే.