నీడలను చదువు విద్య

1895 నవంబరు 8వ తేదీన జర్మనీలోని వుర్ట్‌స్‌బుర్గ్ నగరమున భౌతికశాస్త్రజ్ఞుడు రాంట్‌జెన్ కనుగొన్న ఎక్స్ కిరణము, దేహమును కోయకయే లోపలి భాగములను చూపగల సాధనమును వైద్యునికి ప్రసాదించినది. అయితే కిరణము చూపినదెల్ల కన్ను చూచునని తలంచుట పొరపాటు. వైద్యవిద్యార్థి తొలినాళ్లలో రొమ్ము ఎక్స్‌రేను వ్యూబాక్సుపై తగిలించి, తటాలున తెల్లమచ్చకై వెదకును. దొరకినచో సంతసించి అంతటితో ఆగును, దొరకనిచో ఏమియు లేదని తేల్చును. ఏ తీరుననైనను అతడు ఫిల్మును చదివినవాడు కాడు.

చదువుట యనగా, మొదట ఆ ఫిల్ము నమ్మదగినదో కాదో విచారించుట. పేరు, తేదీ, కుడియెడమల గుర్తు చూచిన పిదప, జత్రుకల లోపలి కొనలు రెండును వెన్నుముల్లునకు సమదూరమున నున్నవో లేదో, రోగి నిండుగ ఊపిరి పీల్చెనో లేదో పరికింపవలెను. విభాజకపటలమునకు పైన ముందరి ప్రక్కటెముకలు ఆరైనను లెక్కకు రానిచో, అరకొర శ్వాసతో తీసిన ఆ పటమున ఆరోగ్యవంతుని గుండెయు పెద్దదిగా తోచును.

ఇక ఈ విద్యకు ప్రాణప్రదమైన సూత్రమొకటి కలదు. గాలి నలుపు, క్రొవ్వు బూడిదవన్నె, నీరును కండయు అంతకన్న తెలుపు, ఎముక మరింత తెలుపు. గుండె కిరణమునకు నీటివంటిదే; దాని యంచు స్ఫుటముగ కనబడుటకు కారణము ప్రక్కనే గాలి నిండిన ఊపిరితిత్తి యుండుటయే. ఆ గాలి యున్నచోట న్యుమోనియా స్రావము చేరినచో, రెండును సమాన సాంద్రత గలవై నడిమి యంచు మాయమగును. కావున కుడివైపు తెలుపు కనబడి, గుండె కుడి యంచు చెరిగియున్నచో వ్యాధి దానిని తాకియున్న మధ్యతమ్మెలో నున్నది. గుండె యంచు చెక్కుచెదరక, విభాజకపటలపు గీత చెరిగినచో వెనుకనున్న క్రిందితమ్మెలో నున్నది. అమెరికా వైద్యుడు బెంజమిన్ ఫెల్సన్ 1950లో 'సిలౌట్ సంకేతము'గా ప్రచారమునకు తెచ్చిన ఈ యుపాయమే, లోతు లేని పటమునుండి లోతును రాబట్టుచున్నది. ఉన్న మచ్చకన్న చెరిగిన గీతయే ఎక్కువ తెలుపునని నా యభిప్రాయము.

మరుగుచోట్లు కొన్ని కలవు: క్షయ తరచుగ దాగు జత్రుకల వెనుకటి ఊపిరితిత్తుల శిఖరములు, గుండె వెనుకటి తావు, ప్రేగు చిల్లుపడినపుడు నిలువబెట్టి తీసిన ఫిల్ములో నల్లని నెలవంక కనబడు విభాజకపటలపు క్రింది తావు. ఏమి దొరకినను దొరకకున్నను వీనిని తుదివరకు చూడవలెను. 2013లో వెలువడిన పరిశోధనయందు, ఊపిరితిత్తుల సి.టి. చిత్రములలో గడ్డలను వెదకుచున్న 24 మంది రేడియాలజిస్టులలో 20 మంది, అందు చొప్పించిన గొరిల్లా బొమ్మను గమనింపనే లేదు. ఆ బొమ్మ గడ్డకంటె 48 రెట్లు పెద్దది! అనుభవజ్ఞుల కన్నే అట్లుండగా, విద్యార్థికి క్రమము తప్ప వేరు రక్ష యేది?

విద్యార్థిదశలో నేనొకనాడు ఎడమ ఊపిరితిత్తి యడుగున చేరిన నీటిని గుర్తించి పొంగిపోతిని. గురువుగారు మెచ్చుకొని, "ఇంకను చూడుము నాయనా" అనిరి. నాకేమియు తోచలేదు. వారు వ్రేలితో కుడి భుజమును చూపిరి. అచ్చట ఎముక చెదలు తిన్నట్లుండెను. ఆ నీటికి మూలమైన క్యాన్సరు అచ్చటికిని ప్రాకినది. నాటినుండి రిపోర్టు తెరువకమునుపే నా పఠనమును నోటుపుస్తకమున వ్రాసికొనుచు, ప్రతి పుటలో మొట్టమొదటి పంక్తిని భుజములకై విడిచితిని.