రాయలసీమలో ఋతుసంధి – వసంతవర్ణనవిమర్శము

దండి కావ్యాదర్శమున మహాకావ్యమునకు ఋతువర్ణనమును విధించెను. తెలుఁగు ప్రబంధకవు లా విధిని శిరసావహించిరి. అందు రామరాజభూషణుని వసుచరిత్రమందలి వసంతవర్ణనము శబ్దమాధుర్యమునకుఁ బేరెన్నిక గన్నది. ఆ కావ్యమునకుఁ గృతిపతి తిరుమలరాయలు. 1565 నాఁటి యుద్ధము పిమ్మట నాతని రాజధాని పెనుగొండ. ఇట్లు రాయలసీమ యాస్థానముతో సంబంధము గల యీ వర్ణనమును జదువు కర్నూలు, కడప సీమల విద్యార్థి, "చైత్రవైశాఖములు వసంత"మని వల్లించి వెలుపలికిఁ జూచినచోఁ గనఁబడునది వేసవియే. మార్చి తుదికిఁ గర్నూలునఁ బగటి వేఁడి 40 డిగ్రీల నంటుట యరుదు గాదు.

ఇందుకు రెండు సమాధానములు చెప్పవచ్చును. కవులు ప్రకృతిని జూడక సంస్కృతము ననుకరించిరని యొకటి. మెట్టసీమకు వసంతమే లేదని రెండవది. మొదటిది కవులకును, రెండవది దేశమునకును నన్యాయము సేయుచున్నది. మాసములను లెక్కించి చెట్లను జూడకుండుట రెండింటికిని మూలము.

చెట్ల సాక్ష్యము వేఱు. 2022 వఱకుఁ గర్నూలు మండలమున నుండి యిప్పుడు నంద్యాల మండలమునఁ జేరిన శ్రీశైలమునకు శివరాత్రియాత్రకై నల్లమలలోఁ గాలినడకఁ బోవువారు మోదుగుల యెఱ్ఱని పూఁతను, ఆకులేని కొమ్మలపైఁ గొండగోగుల పసుపుపచ్చని పూలను జూచుచుందురు. కవుల కింశుకము ఈ మోదుగే; వారి శాల్మలి యీ బూరుగే. రేగడినేలల శనగకోఁతలు ముగియునప్పటికి వేప యాకు రాల్చుచుండును. మామిడితోఁటలకుఁ బుష్యమాఘములలోనే పూఁత వచ్చును.

"శివరాత్రికిఁ జలి శివశివా యని పోవు" నను సామెత యీ సంధికి జానపదులు చేసిన సూత్రము. పరీక్షించినచో నిందొక లోపము కలదు. శివరాత్రి చాంద్రమానతిథి, చలి సూర్యగతి ననుసరించును. 2015లో శివరాత్రి ఫిబ్రవరి 17న, 2021లో మార్చి 11న వచ్చెను. ఇరువదిరెండు దినముల యంతరము మెట్టరైతునకుఁ జిన్నది గాదు. సౌరమానమును బట్టిన కార్తెల లెక్క యీ లోపమును దీర్చును: ఫిబ్రవరి 6 ప్రాంతమున ధనిష్ఠయు, 19 ప్రాంతమున శతభిషమును, మార్చి 4 ప్రాంతమునఁ బూర్వాభాద్రయుఁ బ్రవేశించును. సామెత జ్ఞాపకమునకు, కార్తె గణనమునకు.

ఇఁక 1875లో స్థాపితమైన భారతవాతావరణశాఖ విభాగమునందు జనవరి ఫిబ్రవరులు శీతకాలము; మార్చి మొదలు మే వఱకు వేసవి. వసంతమున కందుఁ జోటు లేదు. ఆ శాఖ వేఁడిని, గాలిని, వానను గొలిచి సూచన చేయును. మోదుగుపూఁత దాని పని గాదు. చలి పోయి యెండ ముదురులోపల నున్న యా కొలఁది వారములను నిలుపవలసినది సాహిత్యమే.

అలంకారశాస్త్రము దీనిని మఱవలేదు. రాజశేఖరుఁడు కావ్యమీమాంసలో దేశకాలవిభాగములు కవి యెఱుఁగఁదగినవని చెప్పి, ఋతువునకు సంధి, శైశవము, ప్రౌఢి, అనువృత్తి యను నాలుగవస్థలను నిరూపించెను. కోకిలకూజితము గ్రీష్మాదులందు వినఁబడినను వసంతమందే వర్ణించుట కవిసమయమనియు నాతఁడే చెప్పెను. సమయమునకును సత్యమునకును గల భేద మాచార్యుల కెఱుకయే యనుట కింతకంటె నిదర్శన మక్కఱలేదు. ప్రబంధకవులు వర్ణించినది వసంతప్రౌఢి; నీరు గల రాజోద్యానమున నది చెల్లును. మెట్టనేలయందు సంధిశైశవములు మాఘఫాల్గుణములలోనే గడచి, చైత్రమునకు గ్రీష్మపుఁ బొడ చూపును. ప్రబంధములఁ దఱచుగాఁ గొఱఁతపడినది యీ సంధివర్ణనము. దోషము చెప్పవలసినచో నింతమాత్రమే చెప్పఁదగును.

దీనికిఁ బ్రతి గృహమునను సాక్ష్యము గలదు. ఉగాదిపచ్చడిలోఁ జేరునవి మామిడికాయముక్కయు వేపపువ్వును. చైత్రశుద్ధపాడ్యమినాఁటికే మామిడి పూఁత దాఁటి కాయ యైనది; కావ్యములలో నంతగాఁ బరిగణనకు రాని వేప యప్పుడు పూచుచున్నది. కవి చైత్రమునఁ జూతమంజరిని జూపఁగా, పచ్చడి కాయను జూపుచున్నది. రెండును గలిపి చదివినవానికే యీ సీమ వసంతము తెలియును.

కావున వసంతవర్ణనమును బోధించు పండితుఁడు వసుచరిత్రమును దగ్గించి చెప్పవలసిన పని లేదు. విద్యార్థి తన వ్యాసమున "ఫాల్గుణమున వేప యాకు రాల్చెను, మోదుగు పూచెను" అని వ్రాసినచో దానిని శిశిరవసంతముల సాంకర్యమని దిద్దకుండినఁ జాలును. రాజశేఖరుని పరిభాషలో నది ఋతుసంధి. తన యూరి చెట్టును జూచి వ్రాసిన యా వాక్యమును గొట్టివేసినచో బాలుఁడు కవిసమయమును నేర్చును, చూచుట మఱచును.